సెయింట్ ఐవ్స్‌లో ఒక ‘అమాయకుడి’ సమాధి

సెయింట్ ఐవ్స్ వెళ్లడానికి నాకు రెండు కారణాలున్నాయి. అడిగినవాళ్లందరికీ చెప్పింది ఒకటి: వర్జీనియా వుల్ఫ్ లైట్‌హౌస్ చూడాలని. ఎవరికీ చెప్పనిది ఇంకొకటి.

రెండేళ్ల కిందట ఒక కథల పుస్తకం మీద సమీక్ష రాశాను. రచయిత వేట మీద బతికే కుటుంబంలో పుట్టినవాడు, కొన్నేళ్లు తనూ పడవెక్కినవాడు. సమీక్ష నిండా మెచ్చుకోళ్లే. “ఉప్పుగాలి వాసన”, “చదువుల బరువు లేని సహజమైన గొంతు”, “అలలా తనంతట తనే వచ్చిన శైలి”. ఇలాంటివి ఓ అరడజను. అచ్చయిన వారానికి ఆయన దగ్గర్నుంచి ఫోన్. కోపంగా ఏం కాదు, మామూలుగానే అడిగాడు: “ఏమ్మా, ఆ మూడో కథ పదకొండు సార్లు తిరగరాశాను. తనంతట తనే వచ్చిందని నీకెవరు చెప్పారు?”

నేను నవ్వేశాను. ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను. కానీ ఆ ప్రశ్న పోలేదు. తర్వాత ఆల్‌ఫ్రెడ్ వాలిస్ అనే ముసలాయన బొమ్మల గురించి చదువుతుంటే మళ్లీ పైకొచ్చింది. అందుకే వెళ్లాను, ఆయన బతికిన ఊరికి.

ఇంగ్లండ్ మ్యాపులో నైరుతి మూల సముద్రంలోకి కాలు చాపినట్టు ఉండేది కార్న్‌వాల్. ఆ కాలి చివర్లో ఉంటుంది సెయింట్ ఐవ్స్. లండన్ నుంచి అయిదు గంటలకు పైగా రైలు. సెయింట్ ఎర్త్ స్టేషన్లో దిగి చిన్న రైలెక్కితే పది పన్నెండు నిమిషాలు, కుడివైపంతా సముద్రమే. 1877లో వేసిన ఈ చిన్న లైనే ఆ ఊరి కథని మార్చేసింది. అంతకుముందు అది పిల్‌చర్డ్ చేప ఊరు. పిల్‌చర్డ్ అంటే మన కవళ్ల జాతి చేప. కొండ మీద ఒక మనిషి నిలబడి నీళ్లలో చేపల గుంపు నల్లగా కదలడం చూసి “హెవ్వా” అని అరిచేవాడట. కింద పడవలు ఆ గుంపు చుట్టూ వల తిప్పేవి. ఉప్పేసి పీపాల్లో కుక్కిన చేప ఇటలీకి వెళ్లేది, అక్కడి కాథలిక్కులు లెంట్ ఉపవాసాల్లో తినడానికి. 20వ శతాబ్దం మొదలయ్యేనాటికి ఆ గుంపులు రావడం తగ్గిపోయింది. వలలు దాచే కొట్లు, తెరచాపలు కుట్టే అటకలు ఖాళీ అవుతూ వచ్చాయి.

ఖాళీ అయిన అటకల్లోకి ఆర్టిస్టులు వచ్చారు. ఇందులో మంత్రమేమీ లేదు. అద్దె తక్కువ, గది పెద్దది, కప్పుకి అద్దాలు బిగిస్తే వెలుతురుకి లోటు లేదు, రైలు ఉంది. 1884 చలికాలంలో విస్లర్, సికర్ట్ వచ్చి బొమ్మలేసుకున్నారు. 1890కల్లా ఆర్ట్స్ క్లబ్ పెట్టారు. 1920లో బెర్నార్డ్ లీచ్, జపాన్ నుంచి తనతో వచ్చిన షోజీ హమదా కలిసి కుండల కొలిమి కట్టారు. 1939లో యుద్ధం మొదలయ్యే ముందు బార్బరా హెప్‌వర్త్, బెన్ నికల్సన్ ముగ్గురు కవల పిల్లల్ని వెంటేసుకుని దిగారు. యుద్ధం అయ్యాక ఇంకా చాలామంది. తాగుళ్లూ తగువులూ చీలికలూ అన్నీ ఉన్నాయి. స్వెన్ బెర్లిన్ అనే శిల్పి సముద్రపు ఒడ్డున రాతి షెడ్డులో చెక్కుకుంటూ ఉండి, 1953లో పెళ్లాన్నీ పిల్లాణ్నీ జిప్సీల గుర్రపు బండిలో ఎక్కించుకుని ఊరొదిలిపోయాడు. తర్వాత ఊరి ఆర్టిస్టుల్ని పోలిన పాత్రలతో నవల రాస్తే పరువునష్టం దావాలు పడి, 1962లో వచ్చిన ఆ పుస్తకాన్ని వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. బొహీమియన్ అనగానే మనం ఊహించుకునే సరంజామా మొత్తం ఇక్కడుంది.

ఈ సరంజామా నాకూ ఇష్టమే, అబద్ధమెందుకు. కాలేజీ రోజుల్లో హైదరాబాద్‌లో ఇరానీ కేఫుల్లో కూర్చుని ఇలాంటి ఊరొకటి మనకెందుకు లేదని గంటలు గంటలు వాపోయిన బ్యాచే మాది. ఆ ఊళ్లో అంతకుముందు ఎవరున్నారు, తర్వాత ఏమయ్యారు అని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

మొదట వుల్ఫ్ సంగతి. ఆమె చిన్నతనంలో 1882 నుంచి 1894 దాకా ప్రతి ఎండాకాలం కుటుంబమంతా లండన్ నుంచి ఇక్కడి టాలండ్ హౌస్‌కి వచ్చేవాళ్లు. తల్లి జూలియా (కలకత్తాలో పుట్టిన మనిషి) 1895లో చనిపోయాక ఆ ఇంటిని వదులుకున్నారు. 1927లో వచ్చిన ‘టు ది లైట్‌హౌస్’ని ఆమె స్కాట్లండ్ దీవుల్లో జరిగినట్టు రాసింది గానీ, ఆ అఖాతం ఇదే, ఆ దీపస్తంభం ఎదురుగా రాతిదిబ్బ మీదున్న గాడ్రెవీదే. నేను వెళ్లిన పొద్దున మబ్బుగా ఉంది. లైట్‌హౌస్ తెల్లటి సుద్దముక్కలా కనిపిస్తోంది. రేవు గట్టు మీద కూర్చుని నవల మళ్లీ తెరిచాను. (కొనుక్కున్న పేస్ట్రీ సగం సీగల్ ఎత్తుకుపోయింది. ఆ ఊళ్లో అందరికీ జరిగేదే.)

ఈసారి నా కళ్లు రెండు చోట్ల ఆగాయి. మొదటిది: మిసెస్ రామ్సే టౌనుకి వెళ్తూ రేవు దగ్గర బొమ్మ వేసుకుంటున్న ఒకాయన్ని చూస్తుంది. మూడేళ్ల కిందట పాన్స్‌ఫోర్ట్ అనే పెయింటర్ వచ్చి వెళ్లినప్పటి నుంచీ ఇక్కడ అందరి బొమ్మలూ ఒకేలా ఉంటున్నాయని అనుకుంటుంది. అవే ఆకుపచ్చ బూడిద రంగులు, అవే నిమ్మపండు రంగు పడవలు, ఒడ్డున గులాబీ రంగు ఆడవాళ్లు. అంటే ఆర్టిస్టుల ఊరు సరుకుగా మారడం వుల్ఫ్ ఎప్పుడో చూసేసింది. ఇప్పుడు ఫోర్ స్ట్రీట్‌లో వరసగా ఉన్న గ్యాలరీల్లోకి తొంగి చూస్తే పాన్స్‌ఫోర్ట్ ఇంకా బతికే ఉన్నాడనిపిస్తుంది. రంగు మాత్రం టర్క్వాయిజ్‌కి మారింది.

రెండోది చివరి భాగంలో. లైట్‌హౌస్‌కి పడవ నడిపేది మెకాలిస్టర్ అనే జాలరి, ఆయన కొడుకు. ఆ కుర్రాడికి పేరు లేదు, మెకాలిస్టర్ కొడుకు, అంతే. అతను ఎర కోసం చేప పక్కనుంచి చదరంగా ముక్క కోసి, ఇంకా బతికున్న ఆ చేపని నీళ్లలోకి విసిరేస్తాడు. వుల్ఫ్ ఆ మాటల్ని బ్రాకెట్లలో పెట్టింది. అదే పడవలో మిస్టర్ రామ్సే, తుఫానులో మునిగిపోయినవాళ్ల కథ మెకాలిస్టర్‌తో చెప్పించుకుని ఆనందిస్తాడు. మగవాళ్లు రాత్రిపూట గాలిలో చెమటోడ్చి కష్టపడాలి, ఆడవాళ్లు ఇంట్లో ఎదురుచూడాలి అన్న చిత్రం ఆయనకి ఇష్టం. ఆ ఇష్టాన్ని వుల్ఫ్ ఎగతాళిగానే చూపిస్తుంది, ఆ క్రెడిట్ ఆమెకివ్వాలి. కానీ నవల మొత్తంలో అందరి మనసుల్లోకీ నీళ్లలా జారిపోయే ఆ కథనం, మెకాలిస్టర్ కొడుకు మనసులోకి ఒక్కసారి కూడా వెళ్లదు. ఇన్నేళ్లుగా చదువుతున్నాను, ఒక్కసారైనా ఈ విషయం తట్టలేదు. పడవలో నేనెప్పుడూ రామ్సే పిల్లల పక్కనే కూర్చున్నాను మరి.

ఇక వాలిస్. 1855లో డెవన్‌పోర్ట్‌లో పుట్టాడు. తొమ్మిదేళ్లకే ఓడెక్కానని ఆయనే చెప్పుకునేవాడు. కుర్రతనంలో స్కూనర్ల మీద న్యూఫౌండ్‌లాండ్ దాకా వెళ్లొచ్చాడు. ఇరవై ఏళ్లప్పుడు తనకంటే ఇరవయ్యేళ్లకి పైగా పెద్దదైన సూసన్‌ని పెళ్లి చేసుకున్నాడు. తర్వాత సెయింట్ ఐవ్స్ చేరి పాత ఇనుము, పాత తాళ్లు, చిరిగిన తెరచాపలు కొని అమ్మే కొట్టు పెట్టాడు. అంటే చేపల వ్యాపారం చచ్చిపోతున్న కాలంలో దాని శవం మీద బట్టలు కొన్నవాడు అనుకోవచ్చు. 1922లో భార్య పోయింది. ఒంటరితనానికి తోడు కావాలని డెబ్భై ఏళ్ల వయసులో బొమ్మలు వేయడం మొదలెట్టాడు.

కిరాణా కొట్లో పడేసిన అట్టపెట్టెల ముక్కల మీద, పడవలకేసే రంగుతో. కాన్వాసు లేదు, నూనెరంగు ట్యూబులు లేవు. 1928 ఆగస్టులో నికల్సన్, అతని స్నేహితుడు క్రిస్టఫర్ వుడ్ బ్యాక్ రోడ్ వెస్ట్ మీదుగా వెళ్తూ, తెరిచున్న తలుపులోంచి గోడల నిండా మేకులు కొట్టి ఉన్న ఈ బొమ్మలు చూశారు. ఆధునిక బ్రిటిష్ చిత్రకళ చరిత్రలో ఇది పురాణ ఘట్టంలాంటిది. ఇద్దరు యువకులు, తెరిచున్న తలుపు, లోపల ఏమీ తెలియని ముసలి జాలరి.

ఆ “ఏమీ తెలియని” దగ్గరే నా పేచీ.

స్వెన్ బెర్లిన్ 1949లో వాలిస్ జీవితచరిత్ర రాశాడు. పుస్తకం పేరు ‘ఆల్‌ఫ్రెడ్ వాలిస్: ప్రిమిటివ్’. ప్రేమతో రాసిన పుస్తకమే అది. అయినా అట్ట మీదే ముద్ర పడిపోయింది. అప్పటి నుంచీ ఆయన గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది పసివాడిలా, సహజంగా, పరిజ్ఞానం లేకుండా, చూపు చెడకుండా అన్న మాటల చుట్టే తిరిగారు. నికల్సన్ అప్పటికే తన బొమ్మల్లోంచి నునుపుదనం తీసేయాలని చూస్తున్నాడు. వాలిస్ దొరికాక గరుకు ఉపరితలం, వంకర గీత అతని బొమ్మల్లో ఇంకా గట్టిపడ్డాయి. నికల్సన్ చేస్తే అది నిర్ణయం. వాలిస్ చేస్తే అది స్వభావం. ఒకే గరుకుతనానికి రెండు పేర్లు.

టేట్ సెయింట్ ఐవ్స్‌లో వాలిస్ బొమ్మల ముందు చాలాసేపు నిలబడ్డాను. అట్టముక్క నాలుగు అంచులూ సమానంగా ఉండవు. ఒక మూల తెగి ఉంటుంది. ఆ తెగిన మూలకి తగ్గట్టు ఒడ్డు వంగుతుంది, దానికి తగ్గట్టు పడవ వాలుతుంది. అట్ట గోధుమరంగుని చాలాచోట్ల అలాగే వదిలేశాడు, అదే ఇసుక, అదే పడవ పక్క. ఇది రంగు అయిపోయి వదిలేయడం కాదు, ఎక్కడ ఆపాలో తెలియడం. ఇళ్లు ఒకవైపు నుంచి, రేవు పైనుంచి, ఓడ పక్కనుంచి కనిపిస్తాయి. పర్‌స్పెక్టివ్ రాదంటారు విమర్శకులు. ఓడలో రేవులోకి వచ్చేవాడికి ఊరు అలాగే కదా కనబడేది! తిరుగుతున్న ఓడ మీద నిలబడ్డవాడికి ఒకేచోటు నుంచి చూసే అవకాశం ఎక్కడుంటుంది? ముఖ్యమైనది పెద్దగా, కానిది చిన్నగా వేశాడు. మా అమ్మమ్మ ఊరి గుళ్లో గోడల మీద బొమ్మలూ అంతే, దాన్ని ఎవరూ పొరపాటు అనలేదు.

ఇంకో మాట. ఆయన వేసిన తెరచాప ఓడలు అప్పటికే రేవులో లేవు. ఆవిరి, మోటారు వచ్చేశాయి. తను వేసేది ఒకప్పుడు ఉండి ఇక కనబడనివాటిని, జ్ఞాపకంలోంచి తీసి వేస్తున్నానని జిమ్ ఈడ్‌కి రాసిన ఉత్తరంలో ఆయనే చెప్పాడు. ఈడ్ అప్పట్లో టేట్‌లో పనిచేసేవాడు. వాలిస్ బొమ్మలు కట్టగట్టి తాడుతో బిగించి పోస్టులో పంపేవాడు, ఈడ్ కావలసినవి ఏరుకుని మిగిలినవి తిప్పి పంపేవాడు. ధర సైజుని బట్టి ఒకటి, రెండు, మూడు షిల్లింగులు. ఈడ్ ఇల్లు కెటిల్స్ యార్డ్ ఇప్పుడు కేంబ్రిడ్జ్‌లో మ్యూజియం, అక్కడ వాలిస్ బొమ్మలు నూటికి పైగా ఉన్నాయి. ఈడ్‌ని దోపిడీదారు అనడం నా ఉద్దేశం కాదు. ఆయన కొనకపోతే ఆ అట్టముక్కలు పొయ్యిలోకి పోయేవేమో. కానీ పోయినదాన్ని పోయిందని తెలిసి, జ్ఞాపకాన్ని పద్ధతిగా పెట్టుకుని గీసేవాణ్ని మనం మామూలుగా ఏమంటాం? ప్రూస్ట్ అయితే ఆధునికుడు. అట్టపెట్టె మీద వేశాడు కాబట్టి ప్రిమిటివ్.

1941లో వాలిస్‌ని మాడ్రన్‌లోని వర్క్‌హౌస్‌కి పంపారు. దిక్కులేని పేదల్ని ఉంచే ఆశ్రమం అది. ఊళ్లో పెద్ద పెద్ద ఆర్టిస్టులంతా ఉండగానే. అక్కడ కూడా బొమ్మలు వేశాడు. 1942 ఆగస్టులో పోయాడు. అనాథ శవాల గోతిలో పడకుండా స్నేహితులు అడ్డుపడి బార్నూన్ శ్మశానంలో పూడ్పించారు. సమాధి మీద బెర్నార్డ్ లీచ్ చేసిన పలకలు పరిచారు: పెద్ద లైట్‌హౌస్, దాని గుమ్మంలోకి చేతికర్రతో ఎక్కుతున్న చిన్న మనిషి. నాకు ఆ ఊళ్లో నచ్చిన కళాఖండాల్లో అది మొదటిది. దాని మీద ‘ఆర్టిస్ట్ అండ్ మెరినర్’ అని రాసి ఉంది. ప్రిమిటివ్ అని లేదు. చచ్చాక స్నేహితులు సరైన మాట వాడారు, పుస్తకాలు రాసినవాళ్లకే అది అందలేదు.

శ్మశానం మెట్ల మీద కూర్చుంటే కింద టేట్ కనిపిస్తుంది, దాని ముందు పోర్త్‌మియర్ బీచ్. గ్యాస్ ఫ్యాక్టరీ ఉన్న చోట 1993లో కట్టిన మ్యూజియం. బిల్డింగ్ బావుంది, గుండ్రటి ముందుభాగం పాత గ్యాస్ ట్యాంకుని గుర్తుచేసేలా కట్టారు. ఊరికి డబ్బు తెచ్చింది, కాదనను. అద్దెలు పెంచడంలోనూ దానికి వాటా ఉందంటే నమ్మడం కష్టం కాదు. ఊళ్లో ఇళ్లలో దాదాపు నాలుగో వంతు ఎవరూ స్థిరంగా ఉండనివే: సెలవులకొచ్చేవాళ్ల రెండో ఇళ్లు, టూరిస్టులకి అద్దెకిచ్చేవి. వాలిస్ సందులో నడుస్తుంటే తలుపు పక్కన తాళంచెవులు పెట్టే చిన్న నంబరు పెట్టెలు ఎన్నో. ఏ తలుపూ తెరిచి లేదు. ఇవాళ నికల్సన్, వుడ్ అటుగా వెళ్తే ఏమీ కనబడదు వాళ్లకి.

2016లో ఊరివాళ్లు ఓటింగ్ పెట్టుకుని, కొత్తగా కట్టే ఇళ్లు అక్కడే నివసించేవాళ్లకే అమ్మాలని తీర్మానించారు. వేసిన ఓట్లలో 80 శాతానికి పైగా అనుకూలం. ఒక సంస్థ కోర్టుకెక్కినా నిలబడలేదు. అయితే ఆ నిబంధన కొత్త ఇళ్లకే. పాత జాలరి ఇళ్లకి, అంటే అందరూ ఎగబడేవాటికి, అది వర్తించదు. ఆర్టిస్టుల్ని రప్పించిన చవక అద్దెల్ని ఆర్టిస్టుల పేరే మింగేసింది. జాలరి ఎలాగూ ముందే పోయాడు.

పూర్తిగా పోలేదులెండి. పోర్త్‌మియర్ స్టూడియోస్ అని ఒక పాత కట్టడం ఉంది, సరిగ్గా బీచ్ మీదకి. పైన స్టూడియోలు. నికల్సన్ ఇక్కడే పనిచేశాడు, ప్యాట్రిక్ హెరన్ కూడా, ఫ్రాన్సిస్ బేకన్ 1959లో వచ్చి కొన్ని నెలలు ఉన్నాడు. కింద కొట్లలో ఈనాటికీ జాలర్లు వలలు కడతారు. ట్రస్టు వాళ్లు రిపేరు చేసినప్పుడు రెండూ ఉంచారు. నేను వెళ్లినప్పుడు కింద ఒకాయన వల అంచుకి తాడు కుడుతున్నాడు. పైన ఎవరో చెక్క ఫ్రేములకి మేకులు కొడుతున్న చప్పుడు. కాసేపటికి ఏ చప్పుడు ఏదో తేడా తెలియలేదు. ఫొటో తీద్దామని ఫోన్ పైకెత్తి, మళ్లీ దించేశాను. మిస్టర్ రామ్సే గుర్తొచ్చాడు.

హెప్‌వర్త్ తోట గురించి చెప్పకుండా వదలడం అన్యాయం. 1949లో కొన్న ట్రెవిన్ స్టూడియోలో ఆమె చివరిదాకా ఉంది, 1975లో అక్కడే అగ్నిప్రమాదంలో చనిపోయింది. తోటలో శిల్పాలు ఆమె నిలబెట్టినచోటే ఉన్నాయి. అద్దాల వెనక పనిగదిలో ఆమె తెల్లటి అంగీలు కొక్కేలకి వేలాడుతున్నాయి, సగం చెక్కిన రాళ్లు, వరసగా ఉలులు. దుమ్ముతో సహా అలాగే ఉంచారు. ఇక్కడికి వచ్చిన ప్రతివాళ్లూ ఆ ఉలుల్ని చూసి ‘ఎంత శ్రమ!’ అంటారు. వాలిస్‌కి అలాంటి గది లేదు. పనిముట్లు మిగల్లేదు కాబట్టి పనిలేదనుకుంటారు. పదకొండు సార్లు తిరగరాసిన కాగితాలు నాకెవరూ చూపించలేదు, నేను అడగనూ లేదు.

బ్రిస్టల్‌కి తిరిగొచ్చాక ఆ రచయితకి ఫోన్ చేశాను. రెండేళ్ల తర్వాత చేస్తే గుర్తుపడతాడో లేదో అనుకున్నాను, పట్టాడు. “ఆ సమీక్షలో తప్పు రాశానండీ” అన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోకుండా “అక్కడేం చేపలు పడతాయమ్మా?” అన్నాడు. ఇప్పుడు ఎక్కువగా మాకరెల్ అనీ, మన కానాగంతల్లాంటివనీ, పీతలు, లాబ్‌స్టర్లు కూడా అనీ చెప్పాను. వాలిస్ గురించి చెప్పి, మ్యూజియంలో కొన్న పోస్ట్‌కార్డ్ ఫొటో తీసి వాట్సాప్ చేశాను. మబ్బురంగు నీళ్లలో రెండు కొయ్యల ఓడ, వెనక కొండ.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పెద్దది చేసి చూస్తున్నట్టున్నాడు.

“వెనక చాప సగం దించేశాడు, చూశావా? గాలి ముదిరింది. ముందు చాప మాత్రం ఉంచాడు, లేకపోతే ఓడ మాట వినదు.” కాసేపాగి, “ఏ రంగులు వాడాడు?” అన్నాడు.

“పడవల రంగేనండి.”

“ఆఁ. అది తొందరగా ఆరిపోద్ది. దిద్దుకోడానికి టైముండదు. ముందే మొత్తం అనుకుని కూర్చోవాలి.”